ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్‌కి ట్యూనప్ (చెకప్, శుభ్రం చేయడం) ఏటా చేయిస్తున్నారా, ఆగిపోయాకే టెక్నీషియన్‌ని పిలుస్తున్నారా?

నేపర్‌విల్_బాబాయ్:
మొన్న అర్ధరాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇంట్లో 54 డిగ్రీల ఫారన్‌హీట్. బయట మైనస్. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఉన్న దుప్పట్లన్నీ కప్పి, పిల్లల్ని మా మంచం మీదకి తెచ్చుకున్నాం. బేస్‌మెంట్‌లోకి వెళ్లి చూస్తే ఫర్నేస్ అంటుకుంటోంది, నాలుగైదు సెకన్లకే ఆరిపోతోంది. ఎమర్జెన్సీ టెక్నీషియన్ తెల్లారాక వచ్చి, ఫ్లేమ్ సెన్సర్ అనే సన్న కడ్డీ తీసి రుద్ది మళ్లీ పెట్టాడు. పది నిమిషాల పని, 340 డాలర్లు. ఏటా 130 పెట్టి ట్యూనప్ దండగని మూడేళ్లుగా మానేశాను. తిట్టేవాళ్లు తిట్టండి.

లెక్కల_మాస్టారు:
మూడేళ్లలో 390 మిగిల్చి 340 కట్టారు. 50 డాలర్లు లాభమే కదండీ!

నేపర్‌విల్_బాబాయ్:
ఆ రాత్రి అమ్మ దగ్గు లెక్కలో వెయ్యలేదు మాస్టారూ.

మిన్నెసోటా_అక్క:
ఆ కడ్డీ మంటని కనిపెడుతుంది. మసి, తుప్పు పొరలా పట్టిందంటే మంట ఉన్నా లేదనుకుని ఫర్నేస్‌ని నడిపే కంట్రోల్ బోర్డు గ్యాస్ ఆపేస్తుంది. అది మన క్షేమం కోసమే. కరెంటు, గ్యాస్ రెండూ ఆపేసి, చాలా మోడళ్లలో ఒక్క స్క్రూ తీస్తే బయటికొస్తుంది. సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా తుడవండి, గరుకు కాగితం వద్దు. ఫర్నేస్ తలుపు మీద చిన్న గాజు కిటికీలో బోర్డు లైటు ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టండి. ఆ లెక్కకి అర్థం తలుపు లోపలివైపు అంటించిన కాగితంలోనే ఉంటుంది.
ఇంకోటి. మీది హై ఎఫిషియెన్సీ ఫర్నేస్ అయితే గోడలోంచి తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు బయటికొచ్చి ఉంటాయి. మంచు పడ్డ రోజు డ్రైవ్‌వే కన్నా ముందు వాటి దగ్గర తవ్వండి. మా ఇంట్లో రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ మంచు ఆ గొట్టాలకి అడ్డుపడే. ట్యూనప్ చేయించినా మంచు కురవక మానదుగా.

డెట్రాయిట్_గోంగూర:
నాది అతితెలివి. తాలింపు వాసన పోతుందని ఫర్నేస్‌లో ఒక్క అంగుళం గాలి ఫిల్టర్ మెర్వ్ 13ది (మెర్వ్ అంకె పెరిగేకొద్దీ ఇంకా సన్న దుమ్ము పడుతుంది) పెట్టి, ఆరు నెలలు మర్చిపోయా. గాలి ఆడక ఫర్నేస్ వేడెక్కిపోయి, వేడి మితిమీరితే ఆపే లిమిట్ స్విచ్ ఆపేసేది. కాసేపటికి మళ్లీ మొదలు. పైగా ఆ ఫిల్టర్ దుమ్ము పడుతుందే కానీ వాసన కాదట! ఇప్పుడు మెర్వ్ 8, చలికాలంలో నెలకోసారి చూస్తా.

కొలంబస్_రెడ్డి:
అక్కా, ట్యూనప్‌కి వచ్చినవాళ్లందరినీ నమ్మకండి. మా ఇంటికి వచ్చినాయన హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం) పగిలింది, కొత్తది 6,500 అన్నాడు. ఇంకొకర్ని పిలిస్తే కెమెరా పెట్టి చూసి ఏమీ లేదన్నారు.

మిన్నెసోటా_అక్క:
ఫోటో చూపించమని అడగాల్సిందే తమ్ముడూ. అలాగని తేలిగ్గా తీసుకోకు. నిజంగా పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు, దానికి రంగూ వాసనా ఉండవు. ప్రతి అంతస్తులో, పడగ్గదుల దగ్గరా అలారం ఉందా? దానికీ గడువుంటుంది, వెనక తేదీ చూడు.

కొలంబస్_రెడ్డి:
చూశా. గడువైపోయి రెండేళ్లయింది. ఇప్పుడే ఆర్డర్ పెట్టా.

నేపర్‌విల్_బాబాయ్:
అక్క చెప్పినట్టు ఇవాళ తలుపు తీశాను. నాన్న టార్చ్ పట్టుకున్నారు. ఫిల్టర్ బయటికి లాగగానే "ఇది ఎప్పుడు మార్చావురా?" అన్నారు. స్క్రూ కింద పడిందని వెతుకుతున్నట్టు వంగి కూర్చున్నా.