‘ఓ రెయ్ దో గాదో’: బ్రూనో మెజెంగా భూమి చట్టప్రకారం పోతుందా?

ప్రశ్న:
‘ఓ రెయ్ దో గాదో’ (పశువుల రాజు) అనే ఈ బ్రెజిల్ సీరియల్ మొదటి 7 ఎపిసోడ్లలో 1940ల నాటి కాఫీ తోటలు, మెజెంగా, బెర్దినాజీ కుటుంబాల గట్టు తగాదా బాగానే అర్థమయ్యాయి. తర్వాతి కథలో నాయకుడు రెజీనో వెంట వచ్చిన భూమిలేని కూలీలు, పశువుల ఆసామి బ్రూనో మెజెంగా భూమిలో గుడారాలు వేస్తారు. అన్ని పశువులున్న ఆసామి భూమిని ప్రభుత్వం తీసుకోగలదా? విస్తీర్ణం ఎక్కువైతే చాలా?

జవాబు 1:
చాలదండీ. అక్కడి 1988 రాజ్యాంగం 185వ అధికరణ ప్రకారం, సరిగ్గా పండే భూమిని భూసంస్కరణ కోసం తీసుకోకూడదు. ఎంత పెద్దదైనా సరే. ‘సరిగ్గా’ అంటే ఎంతో 1993 నాటి 8629 చట్టం చెప్పింది: పనికొచ్చే నేలలో కనీసం 80 శాతం వాడుకలో ఉండాలి, దిగుబడి ఆ ప్రాంతానికి పెట్టిన ప్రమాణంలో 100 శాతం అందుకోవాలి. రెండూ ఉండాలి. పశువుల మేత భూమికైతే హెక్టారుకు ఎన్ని పశువులున్నాయో లెక్కేస్తారు. కాబట్టి కంచె గట్టిగా ఉండి, గడ్డి ఏపుగా పెరిగి, మంద మాత్రం పలచగా ఉంటే ఆ భూమి పరీక్ష తప్పినట్టే. బ్రూనో భూముల్ని కూడా దేనికదే ఇలా కొలవాలి, అతనికి మొత్తం ఎన్ని పశువులున్నాయని కాదు.

జవాబు 2:
పరిహారం సంగతి కూడా తెలియాలి. ఉత్త నేలకు నగదు ఇవ్వరు, ప్రభుత్వ బాండ్లు ఇస్తారు. వాటి డబ్బు రెండో ఏడు నుంచి మొదలై 20 ఏళ్ల లోపు చేతికొస్తుంది. ఇల్లు, కంచె లాంటి అవసరమైన కట్టడాలకే నగదు. ముందు ఇంక్రా అనే భూసంస్కరణ సంస్థ తనిఖీ, తర్వాత అధ్యక్షుడి డిక్రీ (ఉత్తర్వు), ఆపైన కోర్టు. కేసులు ఎక్కువగా ధర దగ్గరే, ‘పండుతోంది, పండట్లేదు’ అన్న దగ్గరే ఇరుక్కుంటాయి.

జవాబు 3:
ఒక జాగ్రత్త. ఇప్పటి నియమం ప్రకారం కూలీలు ఆక్రమించిన భూమిని, వాళ్లు ఖాళీ చేసిన రెండేళ్ల దాకా తనిఖీ చేయకూడదు. సీరియల్ వచ్చిన 1996లో ఈ అడ్డు లేదు. అందుకే రెజీనో బృందం గుడారాలు వేయడాన్ని ఇప్పటి చట్టంతో చూస్తే తప్పుగా అర్థమవుతుంది.

ఆ ఏడాది ఏప్రిల్ 17న పారా రాష్ట్రంలోని ఎల్దోరాదో దోస్ కరజాస్‌లో పోలీసులు 19 మంది భూమిలేని కూలీల్ని చంపారు. సరిగ్గా రెండు నెలలకు, జూన్ 17న సీరియల్ మొదలైంది. భూసంస్కరణ గురించి సీరియల్లోని సెనేటర్ పాత్ర కషియాస్ దాదాపు ఖాళీ కుర్చీల ముందు మాట్లాడే సన్నివేశం ఈ తేదీలు తెలిసి చూస్తే గుండె పట్టేస్తుంది. అతని అంత్యక్రియల సన్నివేశంలో కనిపించే ఎదువార్దు సుప్లిసీ, బెనెదీతా ద సిల్వా నటులు కారు, అప్పటి నిజం సెనేటర్లే.