ఇటాలియన్ గ్రూప్ క్లాసు: ఆరుగురం కలిసి మొదలుపెడుతున్నాం, ఏ వరసలో పోవాల?

ఎంఆర్‌పల్లి_22

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఆరుగురం కలిసి ఇటాలియన్ మొదలుపెట్టాలనుకుంటున్నాం. నలుగురం ఇటలీలో ఇంగ్లీషు మీడియం మాస్టర్సుకు పోవాలని చూస్తున్నాం. మిగతా ఇద్దరిదీ హోటల్ మేనేజ్‌మెంట్. అందరిదీ సున్నా స్థాయే. ఇటలీ నుంచి ఒక టీచరు ఆన్‌లైన్‌లో వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర చెప్తామన్నారు. మూడు నెలల్లో ఎ1, అంటే భాషలో మొదటి స్థాయి, పూర్తవుతుందంటున్నారు. బాలాజీ కాలనీలో ఒక గది, ప్రొజెక్టరు ఉన్నాయి, అందరం అక్కడే కూర్చుని వినాలని అనుకున్నాం.

దేంతో మొదలుపెట్టి ఎట్లా పోవాల? క్లాసు బాగా నడుస్తుందో లేదో ముందే ఎట్లా తెలుస్తుంది? ఇంగ్లీషు బాగా వస్తేనే ఇటాలియన్ వస్తుందంటున్నారు, నిజమేనా? మాలో ఇద్దరు పదో తరగతి వరకు తెలుగు మీడియం.

తిరుచానూరు_రోడ్డు

మీకూ ఇటాలియన్‌కీ మధ్యలో ఇంగ్లీషును కూర్చోబెట్టొద్దండి. టీచరు ఇంగ్లీషులో వివరిస్తే వివరించనీండి, మీ నోట్సులో ఉచ్చారణ మాత్రం తెలుగు లిపిలో రాసుకోండి. ఆ తెలుగు మీడియం ఇద్దరికీ ఇందులో లాభమే.

ఇటాలియన్ త, ద పళ్ళకు ఆనించి పలికేవే. మన ట, డ ఆ భాషలో లేవు. ఇంగ్లీషు అలవాటుతో "టుట్టో" అంటారు, అది "తుత్తొ", అంటే అంతా అని. ఒత్తుల సంగతీ అంతే. సేతె అంటే దాహం, సెత్తె అంటే ఏడు. నోనొ అంటే తొమ్మిదోది, నొన్నొ అంటే తాత. పేన అంటే శిక్ష, పెన్న అంటే కలం, మన పెన్నేటిని పలికినట్టే. గమనించారా, ఒత్తు లేనిచోట ముందరి అచ్చు సాగుతుంది, ఒత్తు ఉన్నచోట పొట్టిదవుతుంది. రోమన్ అక్షరాల్లో ఈ సాగుడు కనిపించదు, తెలుగులో రాస్తే కంటికి కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు నెలల తరబడి తంటాలు పడే ఈ ఒత్తు మనకు అన్న, అక్క అన్నంత సులువు. అట్లని అశ్రద్ధ చేయొద్దు. వయసు చెప్పేటప్పుడు "అన్ని", అంటే ఏళ్ళు, అనే మాటలో ఒత్తు ఊడితే బూతు అవుతుంది.

జెడ్ అక్షరానికి రెండు పలుకులు. ఒకటి చాప, చలి, చుక్క అనేటప్పుడు మన నోట వచ్చే చ. గ్రాత్సియె, అంటే ధన్యవాదాలు, లో ఉండేది అదే. రెండోది జొన్న, జల్లెడ మాటల్లోని జ. సున్నాను వాళ్ళు అనే "జేరొ"లో అది వినిపిస్తుంది. పలక మీద దిద్దాక మళ్ళీ ఎవరూ ముట్టుకోని ఞ కూడా అక్కడ రోజువారీ సరుకే. స్నానాలగది "బఞ్ఞొ", దాన్ని "బాగ్నో" అంటే అర్థం కాదు. సి పక్కన ఇ (e) గానీ ఐ (i) గానీ వస్తే చ, మధ్యలో హెచ్ దూరితే క. అందుకే మెనూలో ఉండేది "బ్రుస్కెత్త", "బ్రుషెటా" కాదు. మీ హోటల్ మేనేజ్‌మెంట్ ఇద్దరూ ఇది మొదటి రోజే పట్టుకోవాల.

మనం తప్పేది రెండు చోట్ల. పిజ్జా, పాస్తా అని చివరి అచ్చును సాగదీయడం మనకు అలవాటు. ఇటాలియన్‌లో చివరిది పొట్టిగా ఆగుతుంది: పిత్స, పాస్త. రెండోది బలం. ఎక్కువ మాటల్లో అది చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది, "వాళ్ళు మాట్లాడతారు" అనే పార్లనొలో మాత్రం మొదటి అక్షరం మీద. "పర్లానొ" అన్నారంటే పుస్తకం చదివి నేర్చుకున్నారని తెలిసిపోతుంది.

మొదటి రెండు వారాలు ప్రతి క్లాసులో పావుగంట దీనికే ఇవ్వమనండి. టీచరు పది మాటలు చెప్పాల, మీరు విని ఇటాలియన్ అక్షరాల్లో రాయాల. పదికి ఎనిమిది తప్పు లేకుండా వచ్చేదాకా వ్యాకరణానికి తొందర పడొద్దు.

చిత్తూరు_పలక

పైన అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను క్లాసు నడిపే తీరు గురించి చెప్తాను, గ్రూపులు చెడేది ఎక్కువగా అక్కడే.

గంటన్నరలో టీచరు అరగంట మాట్లాడితే మీకు మిగిలేది గంట. ఒక్కొక్కరినే లేపి అడిగితే ఆరుగురికి తలా పది నిమిషాలు. ఇద్దరిద్దరుగా మూడు జతలు ఒకేసారి మాట్లాడితే తలా అరగంట. డబ్బు కట్టే ముందు చూడాల్సింది ఇదే. వాళ్ళు ప్రత్యేకంగా పెట్టే డెమో క్లాసు కాదు, ఇప్పటికే నడుస్తున్న బ్యాచిలో ఒక రోజు కూర్చోనివ్వమని అడగండి. గడియారం పెట్టుకుని ఒక్క విద్యార్థి ఎన్ని నిమిషాలు నోరు తెరిచాడో లెక్కపెట్టండి. పదిహేను నిమిషాలకు తగ్గితే అది ఉపన్యాసం, భాషా తరగతి కాదు.

ఆ ప్రొజెక్టరు గది ఆలోచన మార్చుకోండి. ఆరుగురికీ ఒక్క ల్యాప్‌టాప్, ఒక్క మైకు అయితే టీచరుకు సేతె, సెత్తె తేడా వినిపించదు, జతలుగా మాట్లాడితే గది ప్రతిధ్వనిస్తుంది. టీచరుతో క్లాసు మూడు రోజులూ ఎవరింట్లో వాళ్ళు ఇయర్‌ఫోన్లతో కూర్చోండి, టీచరు మిమ్మల్ని జతలుగా విడి గదుల్లో వేస్తారు. ఆదివారం గంటన్నర బాలాజీ కాలనీ గదిలో టీచరు లేకుండా కలవండి. ఆ వారం పాఠంలోని సంభాషణను పుస్తకం మూసి మూడు సార్లు వేషం కట్టినట్టు ఆడండి: ఒకసారి పాఠంలో ఉన్నట్టే, ఒకసారి ఊరు, వస్తువులు మార్చి, ఒకసారి పాత్రలు మార్చుకుని.

మాటలకు ఒక పద్ధతి. ప్రతి క్లాసుకు తలా రెండు కొత్త మాటలు తెస్తే పన్నెండు, వారానికి ముప్పై ఆరు. వాటిని మరుసటి రోజు, మూడో రోజు, వారం తర్వాత మళ్ళీ అడుక్కోవాల. ఇది ఆగిన గ్రూపు రెండో నెలలో కూలుతుంది. అప్పుడే భూతకాలం వస్తుంది, మాటలు గుర్తులేకపోతే కొత్త వ్యాకరణానికి నిలబడే చోటుండదు.

ఆరుగురిలో యాప్‌లో ముందే కొంత నేర్చుకున్నవాళ్ళు ఒకరుంటారు, ప్రతి ప్రశ్నకూ వాళ్ళే జవాబిస్తారు. మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. జతలు ప్రతి వారం మార్చండి, ఆ ఒకరికి ప్రశ్నలడిగే పని ఇవ్వండి. తప్పులు దిద్దడం గురించి కూడా టీచరుతో ముందే మాట్లాడుకోండి. జతగా మాట్లాడేటప్పుడు మధ్యలో ఆపకూడదు, రాసిపెట్టుకుని చివరి ఐదు నిమిషాల్లో చెప్పాల. ఉచ్చారణ డ్రిల్లులో మాత్రం అక్కడికక్కడే ఆపాల.

లెక్క: పన్నెండు వారాలు, వారానికి నాలుగున్నర గంటలు, మొత్తం 54. ఎ1కు క్లాసులోనే 60 నుంచి 80 గంటలు పెట్టుకోవడం మంచిది కాబట్టి ఇది కొంచెం తక్కువే. ఆదివారం కలవడం మానితే చాలదు. ఫీజు మొత్తం ఒకేసారి కట్టొద్దు, 20 గంటలకోసారి కట్టేట్టు మాట్లాడుకోండి. పుస్తకం పేరు, ఎ1 ఎన్నో పాఠంతో ముగుస్తుందో రాసి ఇమ్మనండి.

ఇంకొకటి. చలికాలంలో ఇటలీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు మూడున్నరే. సాయంత్రం 7 గంటల క్లాసు వాళ్ళకు ఒక కాలంలో 2:30, ఇంకో కాలంలో 3:30. గడియారం మారే వారాల్లో సగం మంది క్లాసు తప్పుతారు, ఏ ఊరి టైము మారకుండా ఉంచుతారో ముందే తేల్చుకోండి.

ఎంఆర్‌పల్లి_22

చాలా సంతోషమండీ, గది సంగతి మాకు తట్టనే లేదు. వ్యాకరణంలో ఒక సందేహం. నామవాచకాల ముందు ఇల్, లొ, ల అని ఏవేవో వస్తాయంట, మన తెలుగులో అట్లాంటివి లేవు కదా. వాటిని తర్వాత చూసుకోవచ్చునా?

తిరుచానూరు_రోడ్డు

వాయిదా వేయొద్దు. మనకు నిజంగా కష్టమైంది అదొక్కటే, అందుకే మొదటి రోజు నుంచే మోయాల. తెలుగులో రాయి, చెట్టు, బల్ల అన్నీ ఒకే గూటి కిందివి, ఆడా మగా తేడా లేదు. ఇటాలియన్‌లో ప్రతి వస్తువూ ఏదో ఒకటి. "కాస" అని ఎప్పుడూ ఒంటిగా రాసుకోవద్దు, "ల కాస", బహువచనం "లె కాసె" అని జంటగా రాయండి. ఇల్ త్రేనొ, ఇ త్రేని. ఒ తో ముగిస్తే ఎక్కువగా పుంలింగం, అ తో ముగిస్తే స్త్రీలింగం. ఎ తో ముగిసేవి ఏదైనా కావచ్చు: పువ్వు "ఇల్ ఫియోరె", తాళంచెవి "ల కియావె". చెయ్యి "ల మానొ", ఒ తో ముగిసినా స్త్రీలింగమే. ఎస్ తర్వాత ఇంకో హల్లు వచ్చినా, జెడ్‌తో మొదలైనా పుంలింగంలో ఇల్ బదులు లొ: "లొ స్తుదెన్తె".

బదులుగా తెలుగు ఎంత సాయం చేస్తుందో చూడండి. మాట్లాడతాను, మాట్లాడతావు అని మన క్రియే కర్తను చెప్పేస్తుంది. వాళ్ళకూ పార్లొ, పార్లి, పార్ల. నేను, నువ్వు అని ప్రతిసారీ అనక్కర్లేదు. ఇంగ్లీషు నుంచి పోయేవాళ్ళు వాక్యానికొక "ఇయొ" తగిలిస్తారు.

ఇష్టం చెప్పడం ఇంకా దగ్గర. మామిడిపండు నాకు నచ్చుతుంది: "మి పియాచె ఇల్ మాంగొ". పండ్లు నచ్చుతాయి: "మి పియాచ్చొనొ ఇ మాంగి". మి అంటే నాకు, క్రియ పండుతో పోతుంది, అచ్చం మన వాక్యమే. ఇంగ్లీషు దారిలో పోయి "ఇయొ పియాచ్చొ" అన్నారంటే "నేను నచ్చుతాను" అని అర్థం.

ఈ ధైర్యంతో అన్నిచోట్లా "నాకు" పెట్టేయకండి, తెలుగు తప్పుదారి పట్టించే చోట్లూ ఉన్నాయి. నాకు ఆకలేస్తోంది అనడానికి "ఓ ఫామె", అంటే ఆకలి కలిగి ఉన్నాను. వయసూ అంతే, ఏళ్ళు కలిగి ఉంటాం. మన "మీరు" ఒకరికీ పదిమందికీ సరిపోతుంది. అక్కడ పెద్దవారు ఒక్కరైతే "లేయి", దానికి ఆమె వాడే క్రియ, ఎదుట మగవారున్నా సరే. పదిమందైతే "వోయి". మనవాళ్ళు ఒక్కరినే వోయి అంటారు. దక్షిణ ఇటలీలో కొన్నిచోట్ల చెల్లుతుంది గానీ ఆఫీసులో లేయి అనండి.

భూతకాలంలో ఇంకో గొయ్యి. "వెళ్ళాను" ఎవరన్నా తెలుగులో ఒకటే. ఇటాలియన్‌లో మగవాళ్ళు "సోనొ అందాతొ", ఆడవాళ్ళు "సోనొ అందాత". టీచరు మగవారైతే క్లాసులో ఆడపిల్లలంతా ఆయన్ను విని అందాతొ అనేస్తారు. మీ గ్రూపులో ఆ పాఠం వచ్చిన మొదటి రోజే సరిచేసుకోండి.

రేణిగుంట_ప్లాట్‌ఫాం

పరీక్ష గురించి ఎవరూ అనలేదు. ఇంగ్లీషులో చెప్పే కోర్సుకు సాధారణంగా ఇటాలియన్ సర్టిఫికెట్ అడగరు, ఇటాలియన్‌లో చెప్పే కోర్సుకు మామూలుగా బి2, అంటే నాలుగో స్థాయి, అడుగుతారు. సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షల్లో చిల్స్ సియెనాలోని విదేశీయుల విశ్వవిద్యాలయానిది, చెలి పెరూజాలోని విదేశీయుల విశ్వవిద్యాలయానిది, ప్లీద దాంతె అలిగియేరి సొసైటీది. చిల్స్ బి2లో ఐదు భాగాలు, ఒక్కోటి 20 మార్కులు, ప్రతి దాంట్లో కనీసం 11 రావాల. మాట్లాడడంలో 18 తెచ్చి వినడంలో 10 తెస్తే గట్టెక్కరు. ఎ1కు సర్టిఫికెట్ కోసం డబ్బు పెట్టకండి, బి1 నుంచి ఆలోచించండి. టీచరు కుదరకపోతే ఢిల్లీ, ముంబైల్లో ఇటలీ ప్రభుత్వ సాంస్కృతిక కేంద్రాలున్నాయి, వాళ్ళ కోర్సులు కూడా చూడండి.

మాస్టర్సుకు పోయే నలుగురికీ అసలు పరీక్ష దిగాక మొదలవుతుంది. దేశంలో అడుగుపెట్టిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాల, ఆ కాగితాల కిట్టు పోస్టాఫీసులో తీసుకోవాల. అక్కడా, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గరా మొదట అడిగేది పేరు. మన పేర్లు వాళ్ళకు కొత్త, ఒక్కో అక్షరం చెప్పించుకుంటారు. వాళ్ళు ఊళ్ళ పేర్లతో చెప్తారు: ఆ అంటే అంకోన, ఎర్రె అంటే రోమ, ఎన్నె అంటే నాపొలి. రావు అనాలంటే "రోమ, అంకోన, ఓత్రాంతొ". హెచ్ అక్షరం పేరు అచ్చంగా "అక్క", కె పేరు "కప్ప". జె "ఇ లుంగ", వై "ఇప్సిలొన్". ఈ నాలుగూ మన పేర్లలో తరచూ వస్తాయి.

రెండో వారం నుంచి ప్రతి ఆదివారం పది నిమిషాలు ఇది చేయండి. ఒకరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు చెప్పాల, ఎదుటివాళ్ళు ముఖం చూడకుండా వీపు తిప్పి రాసుకోవాల. ఒక్క అక్షరం తప్పినా మళ్ళీ మొదటి నుంచి.