మాక్రోఫేజ్‌లలో బ్యాక్టీరియా కౌంట్ తగ్గింది, అంటే చంపేసినట్టేనా?

ప్లేట్ల_పిచ్చి

హాయ్ అందరికీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ లాస్ట్ సెమ్‌లో ఉన్నా, ప్రాజెక్ట్‌లో ఒక డౌట్ తగిలింది, ఇమ్యునాలజీ వాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. మా దగ్గర ఒక మొక్క నుంచి తీసిన కాంపౌండ్ ఉంది (పేరు ఇప్పుడే బయటపెట్టొద్దన్నారు). దాన్ని రా 264.7 సెల్స్‌కి, అదే ఎలుక మాక్రోఫేజ్ (క్రిముల్ని మింగే తెల్ల కణం) సెల్ లైన్ కదా, ముందు రోజు రాత్రి ఇచ్చి పొద్దున్నే సాల్మొనెల్లా టైఫిమ్యూరియంతో ఇన్ఫెక్ట్ చేస్తున్నాం, సెల్‌కి 10 బ్యాక్టీరియా లెక్కన. అరగంటకి కడిగేసి, బయట మిగిలినవి చావడానికి జెంటామైసిన్ (సెల్స్ లోపలికి పెద్దగా దూరని యాంటీబయాటిక్) 100 మైక్రోగ్రాములు గంటసేపు, ఆ తర్వాత డోస్ తగ్గించి 24 గంటల దాకా అలాగే ఉంచి, ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో సెల్స్ పగలగొట్టి, లోపల బతికున్న బ్యాక్టీరియాని కాలనీలుగా లెక్కపెట్టడానికి ప్లేటింగ్ చేస్తున్నాం.

కాంపౌండ్ ఇచ్చిన వెల్స్‌లో కాలనీలు కంట్రోల్‌లో సగం కూడా రావట్లేదు. మా గైడ్ అది చూసి మాక్రోఫేజ్ కిల్లింగ్ (అంటే మాక్రోఫేజ్‌లు బ్యాక్టీరియాని చంపడం) పెరిగింది అని రాసెయ్ అన్నారు. రాద్దామనే కూర్చున్నా గానీ రేపు వైవాలో ఎవరైనా "చంపిందని నీకెలా తెలుసమ్మా" అంటే ఏం చెప్పాలో తెలీట్లేదు, పోనీ పేపర్లు చూస్తే ఒకళ్ళు కిల్లింగ్ అంటారు, ఇంకొకళ్ళు సర్వైవల్ అంటారు, ఇంకొకళ్ళు క్లియరెన్స్ అంటారు, అన్నిటికీ కింద ఉన్న గ్రాఫ్ మాత్రం ఒకటే.

ఇంకో చిన్న డౌట్. ఇన్ఫెక్షన్ వస్తే ముందు పరిగెత్తేది న్యూట్రోఫిల్సే కదా, మరి అందరూ మాక్రోఫేజ్‌ల మీదే ఎందుకు పడతారు?

---

రాత్రి_ఇంక్యుబేటర్

కిల్లింగ్ అని మాత్రం ఇప్పుడే రాయకండి. 24 గంటల దగ్గర మీకొచ్చిన ఒక్క నంబర్‌లో నాలుగు సంగతులు కలిసిపోయి ఉన్నాయి: లోపలికి ఎన్ని వెళ్ళాయి, వెళ్ళినవాటిలో ఎన్ని చచ్చాయి, బతికినవి ఎన్నిసార్లు డివైడ్ అయ్యాయి, అసలు ఆ వెల్‌లో ఎన్ని మాక్రోఫేజ్‌లు ఇంకా బతికున్నాయి. ఈ నాలుగిట్లో ఏది మారినా మీ గ్రాఫ్ అచ్చం ఇలాగే ఉంటుంది.

ముందు అన్నిటికంటే ఈజీది. మొదటి గంట జెంటామైసిన్ అయిపోగానే కొన్ని వెల్స్ పగలగొట్టి ప్లేట్ చేయండి. అక్కడే సగం ఉంటే మీ కాంపౌండ్ వల్ల సెల్స్ తక్కువ మింగాయన్నమాట, చంపడం గురించి ఇంకా మాట్లాడటానికే లేదు. అక్కడ సమానంగా ఉండి తర్వాత తేడా వస్తే అప్పుడు కథ మొదలు. 24 గంటల కౌంట్‌ని ఈ మొదటి కౌంట్‌తో భాగించి చూపించండి, ఊరికే 24 గంటలది ఒక్కటే పెట్టొద్దు.

ఇక చాలామంది పట్టించుకోనిది సెల్ డెత్. సాల్మొనెల్లా మాక్రోఫేజ్‌ని చంపగలదు, ముఖ్యంగా లాగ్ ఫేజ్‌లో (log, అంటే వేగంగా పెరుగుతున్న దశలో) ఉన్న కల్చర్ వాడితే సెల్‌లోకి ప్రోటీన్లు గుచ్చే దాని ఎస్‌పీఐ-1 సూది లాంటి సిస్టమ్ ఆన్‌లో ఉంటుంది, సెల్‌లో కాస్పేస్-1 అనే ఎంజైమ్ లేచి సెల్ పేలిపోతుంది. సెల్ పేలితే లోపలున్న బ్యాక్టీరియా బయట జెంటామైసిన్‌లో పడి చస్తాయి. కాలనీలు తగ్గుతాయి, మీరేమో మాక్రోఫేజ్ గెలిచింది అనుకుంటారు, నిజానికి అది చచ్చిపోయి ఉంటుంది! మీ కాంపౌండ్ కొంచెం టాక్సిక్ అయినా ఇదే జరుగుతుంది. పైగా సెల్ మెంబ్రేన్ కాస్త లూజ్ అయినా జెంటామైసిన్ లోపలికే దూరి పని కానిచ్చేస్తుంది, మామూలు సెల్స్‌లో కూడా గంటల తరబడి ఉంచితే కొంచెం కొంచెంగా వెళ్తూనే ఉంటుంది. అందుకే ఎల్‌డీహెచ్ (చచ్చిన సెల్స్ నుంచి బయటికి కారే ఎంజైమ్) రిలీజ్ చూడండి, అదీ ఇన్ఫెక్షన్ పెట్టిన వెల్స్‌లోనే. ఇన్ఫెక్షన్ లేని సెల్స్‌లో ఎంటీటీ (సెల్స్ బతికున్నాయా అని చూసే రంగు టెస్ట్) చేసి టాక్సిక్ కాదు అని పేపర్లలో రాస్తుంటారు చూడండి, అది నాకెప్పుడూ చిరాకే.

అన్నట్టు కాంపౌండ్ నేరుగా బ్యాక్టీరియాని చంపుతుందేమో అని సెల్స్ లేకుండా ఉత్త బ్రాత్‌లో చూశారా?

న్యూట్రోఫిల్స్ సంగతి అంటారా, బద్ధకమే సగం కారణం. మన రక్తంలో తెల్ల కణాల్లో 50 నుంచి 70 శాతం అవే, ఎముక మజ్జ రోజుకి సుమారు 10,000 కోట్లు తయారుచేస్తుంది, కానీ ప్లేట్‌లో పెట్టి పెంచలేం, ఫ్రీజ్ చేసి దాచుకోలేం, ఎవరో ఒకరు రక్తం ఇచ్చిన రోజే కొన్ని గంటల్లో పని ముగించాలి, ట్యూబ్‌ని గట్టిగా ఊపినా యాక్టివేట్ అయిపోతాయి. పోనీ ఎలుకతో చేద్దామంటే దాని రక్తంలో అవి 10 నుంచి 25 శాతమే, పైగా ఎలుక న్యూట్రోఫిల్స్‌లో డిఫెన్సిన్లు (క్రిముల్ని చంపే చిన్న ప్రోటీన్లు) ఉండవు, మనవాటిలో ఉంటాయి.

---

స్లైడ్_డాక్టర్

నేను పాథాలజీ వైపు మనిషిని, ల్యాబ్ టెక్నిక్ గురించి పైన చెప్పినవాళ్ళే కరెక్ట్. కానీ మింగడం వేరు, అరిగించుకోవడం వేరు అని మనుషుల్లోనే తేలిన సంగతి ఒకటుంది, వైవాలో ఇది చెప్తే ఎగ్జామినర్ ఇంక మాట్లాడడు.

1950లలో కొంతమంది పిల్లలు, ఎక్కువగా మగపిల్లలు, పదేపదే చీముగడ్డలు, లింఫ్ గ్రంథుల వాపు, లివర్‌లో గడ్డలతో వచ్చేవాళ్ళు. రక్తంలో తెల్ల కణాలు తక్కువేమీ కాదు, ఇంకా ఎక్కువే ఉండేవి, యాంటీబాడీలు కూడా దండిగా ఉండేవి. ఎందుకు ఇలా అవుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. 1966, 67ల్లో మినెసోటాలో రాబర్ట్ గుడ్, పాల్ క్వీ వాళ్ళ బృందం ఆ పిల్లల న్యూట్రోఫిల్స్ తీసి ట్యూబ్‌లో స్టాఫ్ ఆరియస్ కలిపి చూశారు. సెల్స్ శుభ్రంగా మింగేశాయి, మామూలువాళ్ళ సెల్స్ ఎలా మింగుతాయో అలాగే. కానీ మింగినవి లోపల బతికే ఉన్నాయి. అదే క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్, సీజీడీ అంటాం. తర్వాత తెలిసిందేంటంటే ఆక్సిజన్‌ని సూపరాక్సైడ్‌గా మార్చే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వాళ్ళలో పని చెయ్యదు, దాని ముఖ్యమైన జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టే మగపిల్లల్లో ఎక్కువ.

ఇప్పటికీ ఇలాంటి కేసుల్లో సీబీసీ రిపోర్ట్ చూసి న్యూట్రోఫిల్స్ నార్మల్ కదా అని వదిలేస్తుంటారు. సీబీసీ చెప్పేది ఎన్ని ఉన్నాయో, అవి పని చేస్తున్నాయో లేదో దానికి తెలీదు. దానికి డీహెచ్‌ఆర్ టెస్ట్ ఉంది, డైహైడ్రోరోడమీన్ అనే డై సెల్స్‌లోకి పంపి పీఎంఏ అనే కెమికల్‌తో రెచ్చగొట్టి ఫ్లో సైటోమీటర్‌లో (ఒక్కో సెల్ వెలుగుని కొలిచే మెషిన్) పెడతారు, ఆక్సిడేజ్ పనిచేస్తే సెల్స్ వెలుగుతాయి, సీజీడీలో వెలగవు. తల్లి క్యారియర్ అయితే రెండు గుంపులు కనిపిస్తాయి, కొన్ని వెలిగేవి, కొన్ని వెలగనివి. ఆ హిస్టోగ్రామ్ చూడటం నాకు ఎంతిష్టమో చెప్పలేను.

సీజీడీ వాళ్ళని ఇబ్బంది పెట్టేవి కాటలేజ్ (పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్) ఉన్న క్రిములు: స్టాఫ్, సెరేషియా, బర్ఖోల్డేరియా, నోకార్డియా, ఇంకా ఆస్పర్జిల్లస్ ఫంగస్. కాటలేజ్ లేని బ్యాక్టీరియా సొంతంగా తయారుచేసుకునే పెరాక్సైడ్‌నే సెల్ వాడుకుంటుందని చెప్తారు.

---

కొర్రీల_మాస్టారు

డాక్టర్ గారూ మిగతాదంతా బాగుంది గానీ ఆ చివరి కాటలేజ్ ముక్క పుస్తకాల్లోంచి పోవట్లేదు. కాటలేజ్ జీన్ తీసేసిన స్టాఫ్ ఆరియస్‌ని సీజీడీ ఎలుకలకి ఇచ్చి చూశారు, అది కూడా ఎంచక్కా జబ్బు చేసింది. కాటలేజ్ ఉన్న క్రిములన్నీ సీజీడీలో రావు, లిస్టు చూస్తే ఓ గుప్పెడే. ఇంకోటి, పెరాక్సైడ్ నుంచి బ్లీచ్ లాంటి హైపోక్లోరస్ యాసిడ్ చేసే మైలోపెరాక్సిడేజ్ (చీముకి ఆకుపచ్చ రంగు దాని వల్లే) పుట్టుకతోనే లేనివాళ్ళు వేలల్లో ఒకరు ఉంటారు, వాళ్ళలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కాబట్టి ఆక్సిడేజ్ లేకపోతే ప్రమాదం అన్నది ఖాయం, అది సరిగ్గా దేనితో చంపుతుంది అన్నదాని మీద మాత్రం వాదన ఇంకా నడుస్తోంది.

ప్లేట్ల పిచ్చి గారికి, మీ అసలు సమస్య ఇంకొకటి కావచ్చు, అది ఎవరూ అడగలేదు. మొక్క నుంచి తీసిన కాంపౌండ్ అన్నారు, రాత్రంతా సెల్స్ మీద ఉంచుతున్నాం అన్నారు. అందులో ఎండోటాక్సిన్, అంటే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా పైపొరలోని ఎల్‌పీఎస్, లేదని చూశారా? ఎల్‌పీఎస్ ఇంత అంటినా చాలు, మాక్రోఫేజ్ మీదున్న టీఎల్‌ఆర్4 అనే సెన్సర్ పట్టేసుకుంటుంది, మాక్రోఫేజ్ రాత్రంతా యుద్ధానికి రెడీ అయ్యి కూర్చుంటుంది, పొద్దున మీరు సాల్మొనెల్లా వేసేసరికి నైట్రిక్ ఆక్సైడ్ దంచేస్తుంటుంది. కౌంట్ తగ్గుతుంది. ఆ క్రెడిట్ మీ మొక్కది కాదు, నీళ్ళలోనో సీసాలోనో ఉన్న ఏ ఈ.కోలైదో. ఆటోక్లేవ్ చేశాం కదా అనకండి, ఆటోక్లేవ్‌కి ఎల్‌పీఎస్ పోదు, గాజు సామాను 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట కాల్చాలి. ఎండోటాక్సిన్‌ని కొలిచే ఎల్‌ఏఎల్ టెస్ట్ చేయించండి, లేదంటే ఎల్‌పీఎస్‌ని పట్టేసే పాలిమిక్సిన్ బి కలిపి ఎఫెక్ట్ పోతుందేమో చూడండి, కాకపోతే రాత్రి కలిపిన పాలిమిక్సిన్‌ని ఇన్ఫెక్షన్‌కి ముందు బాగా కడిగేయాలి, అది సాల్మొనెల్లానీ చంపుతుంది.

1998లో బ్రూస్ బ్యూట్లర్ ల్యాబ్ టీఎల్‌ఆర్4ని పట్టుకున్నది కూడా ఎల్‌పీఎస్ ఇచ్చినా చలించని సీ3హెచ్/హెచ్‌ఈజే ఎలుకల నుంచే, దానికి 2011లో నోబెల్ వచ్చింది. అలాంటి ఎలుక మాక్రోఫేజ్‌లు దొరికితే మీ కాంపౌండ్ వాటిలో పనిచేస్తుందో లేదో చూస్తే అటోఇటో తేలిపోతుంది, కాకపోతే కాంపౌండే టీఎల్‌ఆర్4 ద్వారా పనిచేసే రకమైతే మాత్రం ఇది కూడా తేల్చలేదు.

అన్నట్టు రా 264.7 సెల్స్‌లో ఎన్‌ర్యాంప్1 పనిచేయదు. ఫాగోజోమ్‌లోంచి ఐరన్, మాంగనీస్ బయటికి తోడేసి బ్యాక్టీరియాని మాడ్చే పంపు అది. ఆ జీన్ చెడిపోయిన బాల్బ్/సీ ఎలుక నుంచి వచ్చిన లైన్ కదా, అందుకే సాల్మొనెల్లా అందులో హాయిగా పెరుగుతుంది. తప్పు కాదు, కానీ రిపోర్ట్‌లో ఒక లైన్ రాయండి.

---

ప్లేట్ల_పిచ్చి

అమ్మో, చాలా థాంక్స్ అందరికీ, కొర్రీల మాస్టారు గారి పోస్ట్ చదివాక నిద్ర పట్టేలా లేదు. కాంపౌండ్ బ్రాత్‌లో చూశాం, సాల్మొనెల్లాని ఏం చేయలేదు. ఎల్‌డీహెచ్ కిట్ పక్క ల్యాబ్‌లో ఉంది, అడుగుతా. ఎండోటాక్సిన్ మాత్రం అసలు అనుకోనే లేదు, ఎల్‌ఏఎల్‌కి బయటికి పంపాలి, టైమ్ పడుతుంది.

ఒకటి అర్థం కాలేదు. లోపలికి సమానంగా వెళ్ళాయి, సెల్స్ కూడా బతికే ఉన్నాయి అనుకుందాం, అప్పుడు కూడా చంపడం వల్ల తగ్గాయా, పెరగనివ్వకపోవడం వల్ల తగ్గాయా అన్నది ఎలా తెలుస్తుంది? ఫ్లో సైటోమీటర్ మాకు వారంలో ఒక రోజు ఇస్తారు.

---

రాత్రి_ఇంక్యుబేటర్

మంచి ప్రశ్న, దీనికే ఫ్లోరెసెన్స్ డైల్యూషన్ అని ఒక పద్ధతి ఉంది, లండన్‌లో సోఫీ హెలేన్, డేవిడ్ హోల్డెన్ వాళ్ళు సాల్మొనెల్లా మీదే చేశారు. బ్యాక్టీరియాలో ఫ్లోరెసెంట్ ప్రోటీన్‌ని ముందే నింపి ఇన్ఫెక్షన్‌కి ముందు దాని తయారీ ఆపేస్తారు, అక్కణ్ణుంచి డివైడ్ అయిన ప్రతిసారీ వెలుగు సగమవుతుంది. 24 గంటలకి మసకబారినవి పెరిగినవి, ఇంకా వెలుగుతున్నవి పెరగకుండా కూర్చున్నవి. 2014లో వాళ్ళు చూపించింది ఇదే, మాక్రోఫేజ్ మింగగానే కొన్ని సాల్మొనెల్లా డివైడ్ అవ్వడం మానేసి నిద్రలోకి వెళ్తాయి, యాంటీబయాటిక్‌కి కూడా లొంగవు. ఆ ప్రోటీన్ జీన్ ఉన్న ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలోకి పంపే డీఎన్‌ఏ రింగు) అడిగితే సాధారణంగా ల్యాబ్‌లు పంపుతాయి కానీ మీకు లాస్ట్ సెమ్ కదా, ఈలోపు కోర్సే అయిపోతుంది.

కాబట్టి ఉన్నదాంతో కానిద్దాం. టైమ్ పాయింట్లు పెంచండి, 2, 6, 10, 24 గంటలు. ఎలుక మాక్రోఫేజ్‌లలో ఆక్సిడేజ్ మొదటి కొన్ని గంటల్లో చంపుతుంది, ఆ తర్వాత ఐనాస్ అనే ఎంజైమ్ నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా పెరగనివ్వకుండా ఆపుతుంది. కౌంట్ 2 నుంచి 6 గంటల మధ్య నిజంగా కిందికి పడితే చంపుతోంది అనడానికి కొంత బలం ఉంటుంది, కంట్రోల్ పెరుగుతుంటే మీది అక్కడే ఆగి ఉంటే అది పెరగనివ్వకపోవడం కావచ్చు, లేదా చంపినన్ని మళ్ళీ పుడుతుండొచ్చు, ఉత్త కాలనీలతో ఇది విడదీయలేం. ప్రతి టైమ్ పాయింట్‌లో సూపర్నేటెంట్ కొంచెం దాచి గ్రీస్ రియేజెంట్‌తో నైట్రైట్ (నైట్రిక్ ఆక్సైడ్ మారి మిగిలేది) చూడండి, అది అగ్గువ టెస్ట్, ఫ్లో అక్కర్లేదు. ఇన్ఫెక్షన్ లేకుండా కాంపౌండ్ ఒక్కటే ఇచ్చిన వెల్స్ కూడా పెట్టండి, అందులోనే నైట్రైట్ పెరిగి ఉంటే మాస్టారు అనుమానించింది నిజమయ్యే ఛాన్స్ ఎక్కువ, ఎల్‌ఏఎల్ రిజల్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేకుండా ముందే ఒక ఐడియా వస్తుంది.

ఫ్లో స్లాట్‌ని డీహెచ్‌ఆర్‌కి వాడుకోండి. గైడ్‌తో గొడవెందుకు, హెడ్డింగ్‌లో "కణాల లోపలి బ్యాక్టీరియా సంఖ్య తగ్గింది" అని పెట్టి, కిల్లింగ్ అన్న మాట డిస్కషన్‌లో ఒక అవకాశంగా రాయండి, ఆయన కూడా ఒప్పుకుంటారు. కల్చర్ స్టేషనరీ ఫేజ్‌దా (పెరగడం ఆగిన ఓవర్‌నైట్ కల్చర్) లాగ్ ఫేజ్‌దా మీరింకా చెప్పలేదు, అది ముందు చెప్పండి.

---

ప్లేట్ల_పిచ్చి

లాగ్ ఫేజ్ 😬 సోమవారం ఓవర్‌నైట్ కల్చర్‌తో మళ్ళీ పెడుతున్నా, ఎల్‌డీహెచ్‌తో కలిపి. నైట్రైట్ రిజల్ట్ వచ్చాక ఇక్కడే పెడతా.