క్రిస్మస్ సెలవుల్లో ఒక్కదాన్నే ప్రాగ్, వియన్నా: ఏమేం చూసుకోవాలి?

టెక్కలి అమ్మాయి, లైప్‌జిగ్:

అక్కలందరికీ నమస్తే అండి. మాస్టర్స్ చదవడానికి అక్టోబర్‌లో జర్మనీ వచ్చాను. సెలవులకి మా హాస్టల్ అంతా ఖాళీ అయిపోతోంది. ప్రాగ్ చూసి, అక్కణ్ణుంచి వియన్నా వెళ్దామని ఉంది. తోడెవరూ లేరు. ఊళ్లో ఉన్నప్పుడు విశాఖ వెళ్లాలన్నా నాన్నో అన్నయ్యో వెంట వచ్చేవారు. అమ్మకి ఇంకా చెప్పలేదు. వెళ్లాలనే ఉంది గానీ దేంతో మొదలుపెట్టాలో తెలియట్లేదు.

విజయనగరం అక్క, డ్రెస్డెన్:

తప్పకుండా వెళ్లమ్మా. బ్యాగులో ఏం పెట్టుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నన్నడిగితే అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది, కొత్త ఊళ్లో ఏ వేళకి దిగుతున్నావన్నది. డిసెంబర్లో ప్రాగ్‌లో నాలుగింటికే పొద్దు గూకిపోతుంది. అయిదింటికి చేరే రైలంటే మన లెక్కలో సాయంత్రమే, అక్కడ మాత్రం చీకట్లో దిగడమే. పొద్దున్న బయల్దేరి, డ్రెస్డెన్‌లో మారి, మధ్యాహ్నం ఒంటిగంటలోపు దిగేలా టికెట్ తీసుకో. కాస్త ఖరీదైనా పర్వాలేదు. వెలుతురుంటే నలుగురిని దారి అడగొచ్చు, గది బాగాలేకపోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. రాత్రి దిగిన మనిషి ఎదురుపడ్డవాడు చెప్పినదానికల్లా తలూపాల్సి వస్తుంది.

ఇకముందు చౌక విమానాలు కూడా చూస్తావు కాబట్టి చెబుతున్నా. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఆమదాలవలసలో ఉన్నట్టే ఉంటాయి వాటి ఎయిర్‌పోర్టులు. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అని రాసి ఉన్నది ఫ్రాంక్‌ఫర్ట్‌కి దాదాపు 120 కిలోమీటర్ల దూరం. ఊళ్లోకి ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకున్నాకే కొను.

ఇక్కడి రైళ్లు ఆలస్యమవుతాయి, అది లెక్కలో వేసుకో. మారే రైళ్లన్నీ ఒకే టికెట్ మీద ఉండాలి. అప్పుడు వాళ్ల ఆలస్యం వల్ల ఆఖరి రైలు తప్పిపోతే ఆ రాత్రికి హోటలో టాక్సీయో చూడాల్సిన బాధ్యత వాళ్లదే. మొహమాటపడకుండా ఇన్ఫర్మేషన్ కౌంటర్‌కి వెళ్లి అడుగు. కౌంటర్ మూసి ఉంటే రసీదులు దాచుకో.

జర్మనీ పెద్ద స్టేషన్లలో బాన్‌హోఫ్స్‌మిసియోన్ అని బోర్డు కనిపిస్తుంది, 100కి పైగా స్టేషన్లలో ఉన్నాయి. 1894లో బెర్లిన్‌లో మొదలుపెట్టారు. అప్పట్లో పల్లెల నుంచి పని వెతుక్కుంటూ ఒంటరిగా రైలు దిగే ఆడపిల్లల్ని పని ఇప్పిస్తామని నమ్మించి తీసుకుపోయేవాళ్లుండేవారు. వాళ్ల చేతిలో పడకుండా కాపాడటానికి పెట్టిన చోటు అది. ఇప్పుడు ఎవరికైనా సాయం చేస్తారు, డబ్బు తీసుకోరు. పర్సు పోయినా, ఎవడైనా వెంటపడుతున్నా నేరుగా అక్కడికి వెళ్లు. వేళలు మాత్రం స్టేషన్‌కో రకంగా ఉంటాయి. మన వైపు నుంచి చెన్నై, హైదరాబాద్ పనికి వెళ్లే ఆడపిల్లలు ఎంతమందో. వాళ్లు దిగే ప్రతి స్టేషన్‌లో ఇలాంటి గది ఒకటి ఉండాలని నా కోరిక.

ఈయూ దేశాలన్నిటిలో అత్యవసరానికి 112. జర్మనీలో ఆడవాళ్లపై హింసకి సంబంధించి 116 016 రాత్రీపగలూ ఉంటుంది, ఇంగ్లీషులో కూడా మాట్లాడొచ్చు.

అమ్మకి చెప్పే వెళ్లు. చలికాలంలో మనకీ ఇంటికీ నాలుగున్నర గంటలు తేడా. రాత్రి 8కి ఫోన్ చేస్తానంటే టెక్కలిలో పన్నెండున్నర, అప్పటిదాకా ఆవిడ కంటిమీద కునుకుండదు. ఒంటిగంటకి దిగి చేస్తే అక్కడ సాయంత్రం అయిదున్నర. ఇంట్లోవాళ్లందరికీ లైవ్ లొకేషన్ పెట్టకు. సిగ్నల్ పోయిన ప్రతిసారీ ఇల్లంతా గాభరా పడుతుంది, టెక్కలి నుంచి వాళ్లు చేయగలిగిందీ లేదు. లైప్‌జిగ్‌లోనే ఒక స్నేహితురాలికి హోటల్ పేరు, రైలు నంబరు ఇచ్చి, ఫలానా టైముకి కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ముందే చెప్పి ఉంచు.

ఇచ్ఛాపురం, ప్రస్తుతం వియన్నా:

అప్ప చెప్పిన మాటే నాదీ. ప్రాగ్ నుంచి వియన్నాకి పగటి రైల్లో సుమారు నాలుగు గంటలే, రాత్రి ప్రయాణం అక్కర్లేదు. ఎప్పుడైనా రాత్రి రైలు ఎక్కక తప్పకపోతే, నైట్‌జెట్ అనే రాత్రి రైళ్లలో ఆడవాళ్లకే విడిగా కంపార్ట్‌మెంట్ ఉంటుంది, బుక్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. హాస్టళ్లలో కూడా ఆడవాళ్ల డార్మ్, అంటే ఆడవాళ్లు మాత్రమే కలిసి ఉండే గది, ఉందో లేదో చూడు. తాళం నీదే తీసుకెళ్లు.

తిండి సంగతి ఎవరూ చెప్పరు. 24 మధ్యాహ్నం నుంచి షాపులు మూసేస్తారు, 25, 26 తేదీల్లో కూడా చాలావరకు తెరవరు. ముందురోజే పాలు, పెరుగు, రొట్టె, పళ్లు తెచ్చి గదిలో పెట్టుకో. ఆకలేసి చీకట్లో తెలియని వీధులు తిరగడం ఎందుకు? ప్రాగ్‌లో యూరో కాదు, కొరునా. వీధిలో డబ్బు మారుస్తామని వచ్చేవాళ్ల దగ్గర ఆగొద్దు, కార్డుతో పని జరిగిపోతుంది.

టెక్కలి అమ్మాయి, లైప్‌జిగ్:

చాలా థాంక్స్ అక్కా, అప్పా. రాత్రి అమ్మతో మాట్లాడాను. హోటల్ ఫోన్ నంబరు కావాలంది, అంతే. ఒక్క సందేహం: నాకు రెసిడెన్స్ కార్డు ఇంకా రాలేదు. పాస్‌పోర్టులో వీసా ఏప్రిల్ వరకు ఉంది. సరిహద్దు దాటొచ్చా?

విజయనగరం అక్క, డ్రెస్డెన్:

నీది డి వీసా (ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చేది) కదా, అది చెల్లుబాటులో ఉన్నంతకాలం మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే చెక్, ఆస్ట్రియాలాంటి ఉమ్మడి వీసా ఒప్పందం ఉన్న దేశాల్లో, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులదాకా ఉండొచ్చు. అసలు పాస్‌పోర్టు ఒంటి మీదే ఉండాలి, ఫోన్‌లో ఫోటో చాలదు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది, తిరిగొచ్చేటప్పుడు పోలీసులు రైల్లోకే ఎక్కి అడగొచ్చు. ఏప్రిల్‌లోగా కార్డు రాక, ఫిక్షియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితం ఒక్కటే చేతిలో ఉంటే మాత్రం, కార్డు ఇచ్చే ఆఫీసులో అడగకుండా దేశం దాటకు.

తిరుగు టికెట్ డ్రెస్డెన్ మీదుగా తీసుకుని, ఇక్కడ మూడు గంటలు ఖాళీ ఉండేలా చూడు. స్టేషన్‌కి నేనే వస్తాను, మా ఇంట్లో అన్నం తిని వెళ్దువుగాని.