పొటోమాక్ ఆటుపోట్లలో బాస్ చేప: గోదావరి జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవారికి

ప్రశ్న (స్వస్థలం రాజోలు ప్రాంతం, ప్రస్తుతం వుడ్‌బ్రిడ్జ్, వర్జీనియా)

పెద్దలందరికీ నమస్కారం. మాది వశిష్ఠ గట్టు మీది ఊరు. ఉద్యోగరీత్యా ఈ మధ్యనే వర్జీనియాకు వచ్చాను. చిన్నప్పటి నుంచి పంట కాలువల్లోనూ, లాకుల దగ్గరా గాలం వేసిన అలవాటు ఉంది. అంతర్వేది వెళ్ళినప్పుడల్లా మొగ దగ్గర పండుగప్ప కోసం మా మావయ్య పక్కన కూర్చునేవాణ్ణి. ఇక్కడ మేముండే ఇళ్ళ వెనుక ఒక చెరువు ఉంది, కొద్ది దూరంలోనే పొటోమాక్ నది ఉంది, ఆఫీసులో చేపల మాట వస్తే అందరూ బాస్ గురించే చెబుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ నిబంధనలు పాటించాలో, పట్టిన చేపను ఇంటికి తెచ్చుకోవచ్చో లేదో దయచేసి తెలియజేయగలరు.

సమాధానం (స్వస్థలం నరసాపురం, ప్రస్తుతం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ)

తమ్ముడు గారూ, గాలం కొనడానికి ముందే లైసెన్సు తీసుకోండి. వర్జీనియాలో 16 ఏళ్ళు నిండినవారు మంచినీటి చేపలు పట్టాలంటే రాష్ట్ర వన్యప్రాణి వనరుల శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. పట్టిన చేపను వెంటనే నీటిలోకి వదిలేసినా సరే, ఈ నియమం వర్తిస్తుంది. ఏటా జూన్ మొదటి శుక్ర, శని, ఆదివారాల్లో మాత్రం లైసెన్సు లేకుండా గాలం వేయడానికి అనుమతి ఇస్తారు కనుక, ఇంట్లోవాళ్ళకు ఈ సరదా నచ్చుతుందో లేదో చూడడానికి ఆ మూడు రోజులు అనువైనవి. నది దగ్గర ఇంకొక చిక్కు ఉంది. పొటోమాక్‌లో వర్జీనియా ఒడ్డున నీరు బాగా తీసినప్పుడు కనబడే అంచు వరకే వర్జీనియా, అక్కడి నుంచి నది అంతా మేరీల్యాండ్‌ది, వాషింగ్టన్ నగరపు హద్దులోకి వెళితే మళ్ళీ వేరే లైసెన్సు కావాలి. ఎవరి లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో ఆ సంవత్సరపు నియమావళిలో చూసుకునే వెళ్ళండి. మన కాలువ గట్టు మీద ఎవరూ అడగరు. ఇక్కడ అధికారి వచ్చి అడుగుతాడు, మర్యాదగానే అడుగుతాడు, జరిమానా కూడా మర్యాదగానే రాస్తాడు.

మీ ఇళ్ళ వెనుక చెరువు బహుశా వాననీటిని నిలపడానికి తవ్వినది అయి ఉంటుంది. అది కాలనీ సంఘం ఆస్తి కనుక ముందుగా వారి అనుమతి అడగండి. అనుమతి దొరక్కపోతే బర్క్ లేక్ ఉంది. అది 218 ఎకరాల చెరువు, పెట్రోలు ఇంజను పడవలకు అక్కడ అనుమతి లేదు, గట్టు మీద నుంచి వేసుకోవడానికి చోటు పుష్కలంగా ఉంది. చెరువులోని లార్జ్‌మౌత్ బాస్ మాటు వేసి పట్టే చేప. పడిపోయిన చెట్టు, తూము నోరు, కలువ ఆకుల అంచు, చెక్క వంతెన కింది నీడ, ఇలాంటి మరుగు చూసుకుని ఉంటుంది కాబట్టి చెరువు నడుమకు దూరంగా విసరవలసిన పని లేదు. వసంతంలో నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వెచ్చబడ్డాక మగ చేప గట్టు దగ్గర లోతు లేని చోట తోకతో నేల ఊడ్చి గూడు చేసుకుని, ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్ళిపోయిన తరువాత వాటికి కాపలా కాస్తుంది. ఆ రోజుల్లో గూటి మీదున్న చేపను రెచ్చగొట్టి పట్టడం తేలికే గాని, దానిని పైకి తీసిన క్షణం నుంచి చుట్టూ ఉన్న చిన్న చేపలు గుడ్లను తినేస్తాయి. చట్టం ఒప్పుకున్నా నాకు అది నచ్చదు.

సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. ఏడడుగుల లోపు మధ్యరకం స్పిన్నింగ్ రాడ్ ఒకటి, పది పౌండ్ల దారం, అయిదంగుళాల మెత్తని ప్లాస్టిక్ పురుగులు ఒక పొట్లం ఉంటే ఏడాదంతా గడిచిపోతుంది. ఆ పురుగు నడుముకు గాలం గుచ్చి, సీసం ఏమీ కట్టకుండా నీటిలో వేసి, దానంతట అదే మునిగేదాకా ఊరుకోవాలి. నీరు తేటగా ఉంటే ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, మురికిగా ఉంటే నలుపు లేదా నీలం కలిసిన నలుపు వాడతారు. దుకాణంలో కనిపించే మెరుపు ఎరల్లో సగం మనుషులను పట్టడానికి చేసినవే.

ఇక నది సంగతి. చెరువు అందరికీ ఒకటే గాని, నది దగ్గర మీకు ఇక్కడివారిలో చాలామందికి లేని అనుభవం ఉంది. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయల్లో పుట్టి పెరిగినవారికి పోటు, ఆటు ఎవరూ నేర్పనక్కరలేదు. పొటోమాక్‌లో వాషింగ్టన్ ఎగువన లిటిల్ ఫాల్స్ రాళ్ళ దాకా సముద్రపు పోటు తగులుతుంది, నగరం దగ్గర ఎక్కుడుకూ తగ్గుడుకూ మధ్య తేడా సుమారు 3 అడుగులు ఉంటుంది, అయినా అక్కడ నీరు మంచినీరే. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యం, అమావాస్యకూ పౌర్ణమికీ ఎక్కువ ఉరవడి: ఇవన్నీ మన లెక్కలే. అమెరికా ప్రభుత్వపు సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) పట్టికల్లో మీరు వెళ్ళే చోటుకు దగ్గరి కేంద్రం వేళలు చూడండి. వాషింగ్టన్ వేళలు పట్టుకుని దిగువనున్న ఏటికి వెళితే నీరు అప్పటికే తిరిగిపోయి ఉంటుంది. వాయవ్యం నుంచి గట్టి గాలి వీచిన రోజున నది నీరు కిందికి నెట్టుకుపోయి, పట్టికలో చెప్పినదానికన్నా చాలా తక్కువ లోతు ఉంటుంది.

పోటులో నీరు గడ్డిలోకి ఎక్కినప్పుడు చిన్న చేపలు దానితో పాటు లోపలికి వెళ్ళి చెల్లాచెదురవుతాయి, వాటి వెంట బాస్ కూడా చెదిరిపోతుంది. ఆటు మొదలై నీరు సన్నని పాయల వెంట బయటికి జారేటప్పుడు ఆ చిన్న చేపలన్నీ ఒకే దారిన దిగవలసి వస్తుంది, బాస్ ఆ దారి నోటి దగ్గర ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి నిలబడుతుంది. అందుకే ఆటు చివరి రెండు గంటలు నాకు అన్నిటికన్నా ఇష్టం. నీరు నిలిచిపోయిన వేళ చేప కూడా నిలిచిపోతుంది, అప్పుడు తెచ్చుకున్నది తింటూ కూర్చోవచ్చు. ఎరను ఎగువకు విసిరి ప్రవాహంతో పాటు కిందికి రానివ్వండి. అక్కడి గడ్డిలో చాలా భాగం హైడ్రిల్లా. ఇది మన ఖండపు మొక్క, పొటోమాక్‌లో దీన్ని 1982లో గుర్తించారు. పడవలవారు తిట్టుకున్నా, బాస్‌కు అంతటి చాటు మరొకటి దొరకదు. 301 రహదారి వంతెన దిగువకు వెళ్ళేకొద్దీ ఉప్పు పెరుగుతుంది, లార్జ్‌మౌత్ తగ్గిపోతుంది.

సమాధానం (స్వస్థలం యానాం, ప్రస్తుతం మేరీల్యాండ్)

అన్నయ్య గారు కొలతల సంగతి చెప్పలేదు కాబట్టి నేను చేర్చుతున్నాను. మేరీల్యాండ్ పోటునీటిలో మార్చి 1 నుంచి జూన్ 15 వరకు 15 అంగుళాల లోపు బాస్‌ను ఉంచుకోకూడదు, మిగతా కాలంలో 12 అంగుళాలు ఉంటే చాలు. ఒకటవ నంబరు రహదారి వంతెన దిగువన పొటోమాక్‌లో కలిసే వర్జీనియా ఏరులకు కూడా వసంతంలో అదే 15 అంగుళాల నియమం ఉంది. స్ట్రైప్డ్ బాస్ వేరే జాతి, దాని నియమాలు తరచుగా మారుతుంటాయి కనుక గుర్తుపట్టలేని చేపను వెంటనే వదిలేయండి. వల జోలికి వెళ్ళకండి. విసురు వల భుజాన వేసుకుని గట్టు మీద నడవడం మన దగ్గర మామూలే కావచ్చు, ఇక్కడ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

పిల్లలను తీసుకువెళ్ళేవారికి మరొక మాట. ఏప్రిల్‌లో ఎండ వెచ్చగా ఉన్నా నీరు ప్రాణం తీసేంత చల్లగా ఉంటుంది, గోదావరిలో ఈదినవారమన్న ధైర్యం అక్కడ పనికిరాదు. పడవలోనే కాదు, రాళ్ళ అంచున నిలబడినా లైఫ్ జాకెట్ వేయించండి. ఇంటికి వచ్చాక కాళ్ళకు పిడుదులు పట్టాయేమో చూడండి, మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగను తాకకండి.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇక్కడ నదిలో కొరమీను ఉందని ఒక సహోద్యోగి చెప్పాడు. నిజమేనా? అది దొరికితే మాత్రం వదలబుద్ధి కాదు.

సమాధానం (ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ)

నిజమే. మన కొరమీనుకు దగ్గరి బంధువు, చైనా, కొరియా వైపు నుంచి వచ్చిన జాతి. ఇక్కడ నార్తర్న్ స్నేక్‌హెడ్ అంటారు. మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ చెరువులో 2002లో బయటపడింది, 2004లో పొటోమాక్‌లో కనిపించింది, ఇప్పుడు ఏరులన్నిటా ఉంది. దీనిని ప్రాణంతో దగ్గర ఉంచుకోవడం, ప్రాణంతో ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించడం నేరం. నీళ్ళ బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చే మన అలవాటును పూర్తిగా మరచిపోవాలి. ఉంచుకోదలిస్తే అక్కడికక్కడే చంపి, ఐసులో పెట్టి తెచ్చుకుని, అధికారులకు తెలియజేయండి. బాస్‌ను నేను వదిలేస్తాను, దీనిని కూర వండుతాను. వేసవిలో కలువ ఆకుల మీద బోలు కప్ప ఎరను నెమ్మదిగా లాక్కుంటూ వస్తే రెండూ దాడి చేస్తాయి. బాస్ నోట్లో పళ్ళు గరుకు కాగితంలా ఉంటాయి కనుక కింది పెదవి పట్టుకుని గాలం తీయవచ్చు. స్నేక్‌హెడ్‌కు నిజమైన పళ్ళున్నాయి, పటకారు వాడండి.

ఏ చేప వండినా ముందుగా వర్జీనియా ఆరోగ్య శాఖ సూచనలు చదవండి. పాత కర్మాగారాల నుంచి వచ్చిన పీసీబీ రసాయనాలు పొటోమాక్ చేపల్లో, ముఖ్యంగా కొవ్వు ఎక్కువ ఉన్న పెద్ద చేపల్లో చేరాయి. నెలకు ఎన్నిసార్లు తినవచ్చో జాతివారీగా అక్కడ రాసి ఉంటుంది. గర్భిణులకూ చిన్నపిల్లలకూ మరింత జాగ్రత్త అవసరం.

సమాధానం (అమెరికా నుంచి తిరిగి వచ్చి ప్రస్తుతం భీమవరం)

చెరువుతో మొదలుపెట్టమన్న సలహాతో నేను ఏకీభవించలేను. అంతర్వేది మొగ దగ్గర కూర్చున్నవాడికి చెరువు ఎందుకు? పండుగప్ప పోటుతో ఏటిలోకి ఎక్కి, ఆటులో తూముల నోళ్ళ దగ్గర, మడ చెట్ల వేళ్ళ పక్కన మాటు వేయడం ఈ కుర్రవాడు చూసే ఉంటాడు. పొటోమాక్‌లో కూడా అలాంటి చోట్లే వెతకాలి. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. మన పండుగప్ప గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి దిగుతుంది, మొదట మగదిగా ఉండి పెరిగాక ఆడదిగా మారుతుంది. అక్కడి స్ట్రైప్డ్ బాస్ వసంతంలో సముద్రం వైపు నుంచి మంచినీటికి ఎక్కి గుడ్లు పెడుతుంది. లార్జ్‌మౌత్ అయితే అటూ ఇటూ పెద్దగా తిరగకుండా తన ఏటిలోనే ఉండి గూడు కడుతుంది. అందువల్ల ఒకసారి మంచి చోటు దొరికితే, అదే ఆటు వేళకు మళ్ళీ వెళ్ళడం వృథా కాదు. ఇక పులస మీద బెంగ పెట్టుకున్నవారికి చెబుతున్నాను: దానికి బంధువైన షాడ్ అనే చేప కూడా వసంతంలో పొటోమాక్ ఎక్కుతుంది, పట్టి చూసి వదిలేయవలసిందే, ఉంచుకోవడం నిషిద్ధం.

సమాధానం (ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ)

భీమవరం బావగారి మాట కాదనలేను, అయితే రీలు విసరడం చేతికి అలవాటయ్యేదాకా చెరువు మంచిదని నా అభిప్రాయం. వుడ్‌బ్రిడ్జ్‌కు దగ్గరలో లీసిల్వేనియా స్టేట్ పార్క్ ఉంది. పార్కింగ్ రుసుము కట్టాలి, నది మీదికి కట్టిన చెక్క వంతెన నుంచి పడవ లేకుండానే వేసుకోవచ్చు. ఒక పక్క నియాబ్‌స్కో క్రీక్, మరొక పక్క పావెల్స్ క్రీక్ నదిలో కలుస్తాయి. మీ లైసెన్సు వచ్చాక ఉదయం పూట ఆటు తీసే శనివారం ఒకటి చూసి ఇక్కడే రాయండి. నా దగ్గర రెండో రాడ్ ఉంది, మీరు కొననవసరం లేదు. ప్లాస్టిక్ పురుగులు మాత్రం మీవే తెచ్చుకోండి.