ఈ వారం సమస్య (ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి): తన్నుఁ దాను చంపి తాను పుట్టె (ఆటవెలది)

సమస్యకర్త: మిత్రులారా, ఈసారి సమస్య ఒక బొమ్మ చూస్తుంటే తట్టింది. మరియా సిబిల్లా మెరియన్ 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన చిత్రకారిణి. పదమూడేళ్ళకే పట్టుపురుగులు పెంచి బొమ్మలు గీసింది. పురుగులు బురదలోంచి, కుళ్ళులోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మిన రోజులవి. ఆవిడ పురుగునూ, గూటినీ, రెక్కలొచ్చిన రూపాన్నీ, అది తినే మొక్కతో సహా ఒకే పేజీలో గీసింది. 1699లో కూతురిని వెంటబెట్టుకుని సురినామ్ వెళ్ళింది. అక్కడ చూసినవి 1705లో 60 బొమ్మల పుస్తకంగా ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చాయి. రూపం మారడమే వస్తువు. ‘చంపుకొని’ అనాలి కదా అని అడగకండి, గణాలు ఒప్పుకోలేదు!

ఆకుపురుగు: తొలి ప్రయత్నం.

ఆకు తిన్న పురుగు హాయిగా నిదురించె
గూటిలోన; కరిగె, కూలె నొడలు;
రెక్క తొడిగి వచ్చె రేయి గడచినంత;
తన్నుఁ దాను చంపి తాను పుట్టె!

గణగణ: యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి), గణాలు సరిపోయాయి. నడక హాయిగా ఉంది.

హిందూపురం రైతుబిడ్డ: నడక సరేనండీ, రేయి గడిచేసరికి రెక్కలెక్కడివి? మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. నాలుగు జ్వరాలు (పొర విడిచే ముందు మేత మానేసి పడుకుంటే జ్వరమంటాం) దాటాక గూడు కడతాయి. ఆ తర్వాత కూడా కనీసం పది రోజులు లోపలే ఉంటాయి.

ఆకుపురుగు: నిజమే, యతి కోసం రేయిని పట్టుకున్నాను. ‘రెక్క తొడిగి వచ్చె రెండు వారములకు’ అంటే?

గణగణ: యతి కూడా కుదిరింది. అలాగే ఉంచండి.

కలంపుల్ల: మాది శ్రీకాళహస్తి. పురుగు జోలికి పోకుండా, ఇనుమును బెల్లం నీళ్ళలో నానబెట్టి చేసే కలంకారీ నలుపు మీద రాశాను.

ఇనుము తుప్పుపట్టి యీ కుండలో మున్గి
బెల్లపు జలమందు పేరు మరచె;
కరక రసపు గుడ్డ నల్లని గీతయై
తన్నుఁ దాను చంపి తాను పుట్టె.

గణగణ: ‘పేరు మరచె’ దగ్గర ఆగిపోయానండీ, అంత బాగుంది. కానీ మూడో పాదంలో క-న యతి చెల్లదు. ‘కరక రసపు గుడ్డఁ గాటుక రేఖయై’ అని చూడండి. ఇంకో అనుమానం: ఇనుమును చంపింది బెల్లప్పులుపు కదా, ‘తన్నుఁ దాను’ ఎలా అవుతుంది?

కలంపుల్ల: సవరణకు నమస్సులు, కాటుక బ్రహ్మాండంగా కుదిరింది. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను. ముందుగా గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతాం. పాల జిడ్డు ఉంటే గీత పక్కకు పాకదు. కలం పెట్టగానే గీత పల్చగా, వెలిసిపోయినట్టు ఉంటుంది. చూస్తూ ఉండగానే నల్లబడుతుంది. కరక్కాయ వగరు ఇనుమును పట్టుకోవడం వల్ల వచ్చే నలుపు అది. కుండలో ఉన్నంతసేపూ అంత నలుపు ఉండదు.

సమస్యకర్త: అన్వయంలో అర మార్కు పోయినా, ఆ గీత కోసం ఒప్పుకుంటున్నాను.

ఆకుపురుగు: నాకు ‘తాను’ అనే మాట మీదే అనుమానం. గూట్లో ఒళ్ళంతా కరిగిపోతే బయటికొచ్చింది అదేనా, వేరేదా? వెతికితే 2008లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ప్రయోగం దొరికింది. పొగాకు మొక్కల మీద బతికే ఒక గొంగళిపురుగుకు ఒక వాసన చూపిస్తూ చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. చివరి దశలో ఆ పాఠం నేర్చుకున్న పురుగులు రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకు దూరంగా జరిగాయి. మరీ చిన్న దశలో నేర్చినవి మాత్రం మరిచిపోయాయి. పూర్వజన్మ వాసన అని మనవాళ్ళు అనేది అక్షరాలా వాసనే అయ్యింది! అందుకే రెండో పూరణ:

ఒడలు కరిగి పోయె, నూహయు మాసెను,
వాస నొకటి మిగిలె వదలకుండ;
పూర్వజన్మ భయము పోనట్టి రెక్కతో
తన్నుఁ దాను చంపి తాను పుట్టె.

సమస్యకర్త: భేష్! వాసన శ్లేష ఈ వారానికి ప్రాణం.

గణగణ: నాకూ నచ్చింది, అందుకే గట్టిగా అడుగుతున్నాను. ఊహ మాసిపోతే వాసన ఎక్కడ మిగిలింది? మొదటి పాదమే రెండో పాదాన్ని కొట్టేస్తోంది. పైగా ఒడలు మొత్తం పులుసైపోదు. గూట్లో ఉన్నదాన్ని ఎక్స్‌రేలతో స్కాన్ చేసి చూస్తే గాలి గొట్టాలు అలాగే కనిపించాయి. ‘ఒడలు కరిగి పోయె, నూపిరి నిలిచెను’ అంటే యతికి యతి, నిజానికి నిజం.

ఆకుపురుగు: తీసుకున్నానండీ.

హిందూపురం రైతుబిడ్డ: నాకు ఒక్క పాదం కూడా కుదరలేదు. చిమ్మట బయటికొస్తే దారం తెగుతుందని కాయలు (పట్టుగూళ్ళు) ముందే అమ్మేస్తాం. వాటిని కాగే నీళ్ళలో వేసి దారం తీస్తారు. విత్తనానికి ఉంచినవే రెక్కలు చూస్తాయి. మా కాయ తన్ను తాను చంపుకోదండీ, మనమే చంపుతాం. మరి ఈ పాదాన్ని ఎలా పూరించాలి?

సమస్యకర్త: ఆదివారం దాకా గడువుంది. మీ పూరణ వచ్చేదాకా ముగించను.