ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ కారుకి ఏ షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేయించాలి?

నాది 2017 జీటీ టీఎస్‌ఐ, 82 వేలు తిరిగింది. ముందు ఎడమ షాక్ నుంచి ఆయిల్ కారుతోంది. ఓఆర్‌ఆర్ మీద పడవలా ఊగుతోంది. టోలిచౌకి స్పీడ్ బ్రేకర్ల దగ్గర అమ్మ నడుం పట్టుకుని నన్నే తిడుతోంది. బిల్‌స్టీన్ బ్రాండ్ షాకుల్లో బీ6 వేయించనా, బీ8 వేయించనా?

— స్ప్రింగులు కంపెనీవేనా? అయితే బీ6. బీ8 పొట్టిది, కారు కిందికి దించేవాళ్లకి.

— అమ్మగారు ఎక్కితే బీ6 గట్టిగా అనిపిస్తుంది తమ్ముడూ. కోని బ్రాండ్ స్పెషల్ యాక్టివ్ షాకులు చూడు. చిన్న గతుకులకి మెత్తబడుతుంది, మలుపులో బిగుస్తుంది. ఏదైనా జతగానే మార్చు. టాప్ మౌంట్లు (షాక్ పైభాగాన్ని బాడీకి పట్టి ఉంచేవి), బంప్ స్టాపులూ (షాక్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే ముక్కలు) కొత్తవే. నేను పాత మౌంట్లే ఉంచి, వారానికే టకటక శబ్దంతో మళ్లీ లేబర్ కట్టాను!

— వీల్ అలైన్‌మెంట్ మర్చిపోవద్దు.

— కోనికే ఓటు. అమ్మ గెలిచింది అన్నా.